కాంట్రాక్టు వాళ్లకు యూనియన్ వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా? సంతకం పెట్టాలా వద్దా?

నైట్‌షిఫ్ట్ హెల్పర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదివి చెప్పండి.

నాకు 27 ఏళ్లు. పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద నాలుగేళ్లుగా హెల్పర్‌గా చేస్తున్నాను. డ్రమ్ములు దొర్లించడం, సెంట్రిఫ్యూజ్‌లోంచి తడి పౌడర్ తీసి డ్రయ్యర్‌కు మోయడం, ఫ్లోర్ కడగడం నా పని. 12 గంటల షిఫ్టు. మా బ్లాకులో కాంట్రాక్టు వాళ్లం 60 మంది, అందులో సగానికి పైగా ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. పర్మనెంట్ వాళ్లు 14 మంది. వాళ్లకు యూనియన్ ఉంది, మూడేళ్లకోసారి అగ్రిమెంటు చేసుకుంటారు, జీతం పెరుగుతుంది. మేం పక్కనే నిలబడి అదే రియాక్టర్ దగ్గర పనిచేస్తాం గానీ ఆ అగ్రిమెంటులో మా ఊసు ఉండదు.

గత నెల సాల్వెంట్ లైను లీకై నా పక్కన పనిచేసే అబ్బాయికి మోచేతి దాకా కాలింది. అంబులెన్స్ పిలవలేదు. సూపర్‌వైజర్ బైకు మీద ఒక ప్రైవేటు క్లినిక్కుకు తీసుకెళ్లాడు. సాయంత్రం కాంట్రాక్టర్ మనిషి వచ్చి 8 వేలు చేతిలో పెట్టి, ఎవరైనా అడిగితే రూములో నీళ్లు కాచుకుంటుంటే ఒలికిందని చెప్పమన్నాడు. ఆ అబ్బాయిది బరంపురం దగ్గర ఊరు, తెలుగు కొంచెం వచ్చు. కాలింది కుడి చెయ్యి. ఎడం చేత్తో తినలేక అవస్థ పడుతుంటే అన్నం నేనే కలిపి పెడుతున్నాను. పని లేదు కాబట్టి ఈ నెల జీతం కూడా లేదు.

ఇంకొకటి. జీతంలో పీఎఫ్ కోత నెలనెలా పడుతోంది. పాస్‌బుక్ తెరిచి చూస్తే ఏడు నెలలుగా ఏమీ జమ కాలేదు. అడిగితే కాంట్రాక్టర్ మనిషి 'గేట్ పాసు వద్దా నీకు' అన్నాడు.

పోయిన ఆదివారం ఒక యూనియన్ పెద్దమనిషి మా రూముల దగ్గరికి వచ్చి, కాంట్రాక్టు వాళ్లంతా కలిసి సంఘం పెట్టుకోండి, నేను నడిపిస్తాను, ఈ కాగితం మీద సంతకాలు చేయండి అన్నారు. ఆయన మంచివారిలాగే ఉన్నారు. కానీ మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు. లాకౌట్ పడ్డాక దాదాపు ఏడాది ఇంట్లో కూర్చున్నారు. అమ్మ పుస్తెల తాడు తాకట్టు పెట్టి మమ్మల్ని చదివించింది. నాన్న దగ్గర యూనియన్ పేరెత్తితే 'వాళ్లు బాగానే ఉన్నారు, మనమే రోడ్డున పడ్డాం' అంటారు. నాకు ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు. సంతకం పెట్టాలా వద్దా అని వారం రోజులుగా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మన దేశంలో, మాలాంటి వాళ్లకు సంఘం వల్ల నిజంగా ఏమైనా జరిగిందా? జరిగితే ఎలా జరిగిందో చెప్పండి.

పాత కోశాధికారి

తమ్ముడూ, ముందు చెయ్యి కాలిన అబ్బాయి సంగతి చూడు. సంఘం మాట తర్వాత.

అతనికి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత పడుతుంటే రేపే ఈఎస్ఐ డిస్పెన్సరీకి తీసుకెళ్లు. ఫ్యాక్టరీలో, పనిలో ఉండగా, ఫలానా తేదీన, ఫలానా షిఫ్టులో కాలిందని డాక్టరుకు చెప్పి అదే రాయించు. ఒకసారి ఆస్పత్రి కాగితంలో 'ఇంట్లో కాలింది' అని పడితే తర్వాత సరిచేయించడం మహా కష్టం. పనిలో దెబ్బ తగిలితే కోలుకునేదాకా జీతంలో 90 శాతం ఈఎస్ఐ ఇవ్వాలి. చెయ్యి సరిగా ముడవలేని పరిస్థితి మిగిలితే ఆ నష్టాన్ని బట్టి జీవితాంతం పింఛను ఉంటుంది. మామూలు జబ్బుకైతే ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలని రూలు ఉంటుంది గానీ, పనిలో తగిలిన దెబ్బకు ఆ రూలు లేదు, చేరిన మొదటి రోజే తగిలినా హక్కు ఉంటుంది. మీవాడి చేతిలో పెట్టిన 8 వేలు ఈ హక్కుకు బదులుగా ఇచ్చినవి. క్లినిక్ బిల్లు, ఆ రోజు పంచింగ్ వివరం, గాయం ఫోటోలు దాచిపెట్టండి.

ఇప్పుడు నువ్వు అడిగిన దానికి వస్తాను. గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో 31 ఏళ్లు చేశాను, అందులో 19 ఏళ్లు యూనియన్ కోశాధికారిని. జీతాల రోజున గేటు పక్కన బల్ల వేసుకుని, కార్బన్ కాగితం పెట్టి చందా రసీదులు రాసేవాణ్ణి. కాబట్టి మేం ఏం చేశామో, ఏం చేయలేదో రెండూ నాకు తెలుసు.

మా సంఘం గట్టిదే. రింగ్ ఫ్రేముల మీద పనిభారం పెంచుతామంటే ఆపించాం. కార్డింగ్‌లో దూది దుమ్ముకు దగ్గు పట్టిన వాళ్లను వేరే సెక్షన్‌కు మార్పించాం. కానీ బేళ్లు మోసే హమాలీలు, వేస్టు దూది ఊడ్చే ఆడవాళ్లు కాంట్రాక్టర్ మనుషులు. ఒకసారి వాళ్లలో నలుగురు నా బల్ల దగ్గరికి వచ్చి, మాక్కూడా రసీదు రాయండి బాబూ అన్నారు. నేను రాయలేదు. మీరు మిల్లు మస్టరులో (హాజరు పట్టీలో) లేరు, రూలు ఒప్పుకోదు అని పంపించాను. నిజానికి అలాంటి రూలు చట్టంలో లేదు. వాళ్లను కలుపుకుంటే మా అగ్రిమెంటులో మా వాటా తగ్గుతుందని కమిటీలో ఒక మాట అనుకున్నాం, అంతే.

ఆరేడేళ్లు గడిచాయి. మిల్లు ఒక్కొక్క సెక్షనే కాంట్రాక్టుకు ఇస్తూ పోయింది. ముందు ప్యాకింగ్, తర్వాత బ్లో రూము, తర్వాత రాత్రి షిఫ్టు డాఫర్లు. 2003లో బోనస్ కోసం మేం సమ్మెకు దిగితే మిల్లు ఒక్క రోజు కూడా ఆగలేదు. గేటు బయట టెంటు కింద మేం, లోపల వాళ్లు. అప్పుడు నా దగ్గరికి రసీదు కోసం వచ్చిన నలుగురిలో ఒకామె పొద్దున్నే తల దించుకుని మా టెంటు పక్కనుంచి లోపలికి వెళ్లేది. మావాళ్లు కొందరు ఆమెను తిట్టారు. నేను నోరు మెదపలేకపోయాను. 23వ రోజున ఏమీ దక్కకుండా తిరిగి పనిలోకి వెళ్లాం.

ఆ తర్వాతే మాకు బుద్ధి వచ్చింది. కాంట్రాక్టు వాళ్లకు రసీదులు రాయడం మొదలుపెట్టాం. మొదట చేరింది 33 మంది. వాళ్లకూ నీ సమస్యే, పీఎఫ్ కోత ఉంది, జమ లేదు. మా దగ్గర రుజువు ఏముంది? ఏమీ లేదు. వేజ్ స్లిప్పులు ఇవ్వరు, మస్టరు కాంట్రాక్టర్ సంచిలో ఉంటుంది. అందుకని ఒక రూళ్ల నోట్‌బుక్ కొని షిఫ్టు దిగిన వెంటనే టీ బడ్డీ దగ్గర ఎవరు ఏ రోజు ఏ సెక్షన్‌లో చేశారో రాసి, పక్కన సంతకమో వేలిముద్రో పెట్టించేవాళ్లం. రోజూ. పండగ రోజున కూడా ఒకరు వచ్చి రాసేవారు. ఐదు నెలల పుస్తకం, గేట్ పాసుల జిరాక్సులు పట్టుకుని పీఎఫ్ ఆఫీసుకు వెళ్తే అప్పుడు ఇన్‌స్పెక్షన్ పడింది. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు యజమానే కట్టాలని నిబంధన ఉంది. జీతాల విషయంలోనూ 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలో అదే ఉండేది, దాని బదులు ఇప్పుడొచ్చిన కార్మిక కోడ్‌లలోనూ ఆ బాధ్యత పోలేదు. 14 నెలలకు డబ్బు జమైంది. ఆ మధ్యలో ఇద్దరి గేట్ పాసులు ఆపేశారు. ఒకరిని వెనక్కి తీసుకురాగలిగాం. రెండో అతను హైదరాబాద్ వెళ్లి వాచ్‌మన్‌గా చేరాడు, తిరిగి రాలేదు. ఈ సంగతి దాచి నీకు సంతకం పెట్టమని చెప్పలేను.

కాబట్టి ఉపయోగం ఉందా అంటే, ఉంది. ఎవరి పేరు రసీదు పుస్తకంలో ఉంటే వాళ్లకు ఉంది. మన దేశంలో పనిచేసేవాళ్లలో చాలా ఎక్కువమంది ఏ రసీదు పుస్తకంలోనూ లేరు. సంఘాల బలహీనత అంతా అక్కడే ఉందని నా నమ్మకం. అందరూ పార్టీల తగవులు, నాయకుల స్వార్థం గురించే మాట్లాడతారు. అవీ ఉన్నాయి, చూశాను. కానీ పక్కన నిలబడి పనిచేసే మనిషిని మనవాడు కాదనుకోవడం వల్ల జరిగిన నష్టం వాటన్నిటికంటే పెద్దది.

మీ నాన్నగారి కోపం ఊరికే వచ్చింది కాదు. లాకౌట్ రోజుల్లో ఇంటింటికీ తిరిగి బియ్యం ఎవరికి నిండుకున్నాయో కనుక్కోవలసిన సంఘం, ప్రెస్ మీట్లతో సరిపెడితే ఆ ఇల్లాలికి మిగిలేది తాకట్టు కాగితమే.

ఆ పెద్దమనిషి తెచ్చిన కాగితం గురించి ఒక్క మాట. సంఘం రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టడానికి ఏడుగురు చాలు. కాకపోతే అక్కడ పనిచేసేవాళ్లలో పదో వంతు మందైనా, లేదా 100 మందైనా, రెండింట్లో ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. అధ్యక్షుడిగా బయటి ఆయన ఉంటే ఉండనీ, మీకు చట్టం తెలిసిన మనిషి అవసరమే. కార్యదర్శి, కోశాధికారి మాత్రం మీ బ్లాకు వాళ్లే అయి ఉండాలి. రసీదు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ మీ రూములో ఉండాలి. ఒడిశా వాళ్లలో ఒకరు కమిటీలో లేకుండా ఏ సంతకమూ పెట్టొద్దు.

లక్ష్మీనగర్ బట్టల షాపు

గోదావరిఖని నుంచి రాస్తున్న. కోశాధికారి గారు చెప్పింది మా దగ్గర కళ్లకు కట్టినట్టు కనిపిస్తది, అందుకే నాలుగు ముక్కలు.

మా నాన్న కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపిన తరం. నేను బొగ్గుబాయి పనికి పోలేదు, బట్టల షాపు పెట్టుకున్న. దేశంలో సంఘాలు గట్టిగా ఉన్న చోటు ఏదంటే సింగరేణి పేరు తప్పక చెప్పాలె. 1998 నుంచి రహస్య ఓటుతో గుర్తింపు సంఘం, అంటే కంపెనీతో చర్చలకు కూర్చునే సంఘం, ఎన్నికలు జరుగుతున్నయ్. మొన్న 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. ఎన్నికలప్పుడు తెల్లారకముందే బాయి గేట్ల దగ్గర మీటింగులు, చాయ్ బండ్లు, జెండాలు. 11వ వేజ్ బోర్డు ఒప్పందంలో జీతం 19 శాతం పెరిగింది. కంపెనీ లాభాల్లో కార్మికులకు వాటా ఉంటది. ఇంత సాధించింది ఊరికే రాలేదు, మా నాన్న తరం సమ్మెలు చేసి జైళ్లకు పోయి తెచ్చుకున్నది.

2024లో 33 శాతం వాటా ప్రకటించినప్పుడు పర్మనెంట్ కార్మికునికి సగటున 1.90 లక్షలు వచ్చినయ్. ఆ యేడే మొట్టమొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇచ్చిండ్రు, మనిషికి 5 వేలు. 2025లో అది 5,500 అయింది.

దసరా ముందర ఆ పైసలు పడ్డ వారం మా షాపులో నిలబడ సందు ఉండదు. ఒకే గల్లీ ఆడవాళ్లు ఇద్దరు కలిసి వచ్చిండ్రు. ఒకామె పట్టుచీరలు నాలుగు పక్కకు పెట్టించింది. ఇంకొకామె అవి పట్టుకుని చూసి, ఫాల్ కుట్టించిన సాదా చీర ఒకటి తీసి, పిల్లగానికి ప్యాంటు ముక్క అడిగింది. ఇద్దరి భర్తలూ ఒకే ఓపెన్‌కాస్టులో పనిచేస్తరు. తక్కువ కొన్నామెను తక్కువ చేసి చెప్తలేను. ఆ 5 వేలు ఇంటికి వచ్చిన రోజు ఆమె ముఖంలో సంబురం నేను చూసిన. సున్నా నుంచి 5 వేలకు రావడానికి వాళ్లు ఎన్నేండ్లు అడిగిండ్రో మా ఊరందరికీ తెలుసు. కానీ లక్షకు పైగా ఉన్న పర్మనెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చిండ్రు. రేపు గుర్తింపు సంఘం అంటే ఎవరి సంఘం? నాకైతే అదే రంది.

ఐదో నంబర్ సెంటర్ టీచర్

తమ్ముడూ, నేను అంగన్‌వాడీ టీచర్ని. ఏపీలో 2023 డిసెంబర్ 12న మొదలైన సమ్మెలో 42 రోజులూ ఉన్నాను. మూడు సంఘాలు కలిసి పిలుపు ఇచ్చాయి. వేరువేరుగా ఉంటే పది రోజులు కూడా నిలిచేవాళ్లం కాదు. జనవరి 6న సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. ఇంటికి నోటీసు వస్తే మా అత్తగారు భయపడి రెండు రోజులు అన్నం మానేశారు. సంక్రాంతికి ముగ్గు కూడా రోడ్డు మీద టెంటు ముందే వేశాం.

ఏం వచ్చింది అని అడుగుతారు. రిటైర్మెంట్ డబ్బు పెంచడానికి ఒప్పుకున్నారు. మేం ప్రధానంగా అడిగిన జీతం పెంపు మాత్రం ఆ రోజు చేతికి రాలేదు. 42 రోజుల తర్వాత కేంద్రం తాళం తీస్తుంటే ఏడుపు వచ్చింది, నిజం చెబుతున్నాను. కానీ అంతకుముందు సూపర్‌వైజర్ మీటింగులో నిలబడి మాట్లాడటానికి మాలో ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. ఇప్పుడు రిజిస్టర్లూ రాసి అదే మళ్లీ ఫోన్‌లో యాప్‌లోనూ ఎందుకు ఎక్కించాలి అని మా సెక్టారులో చిన్న వయసు ఆయాలు కూడా లేచి అడుగుతున్నారు. ఇది డబ్బు లెక్కలో రాదు, కానీ నాకు చాలా ఎక్కువ.

ఒక్క విషయం. సమ్మెకు ముందు మేం ఆరు నెలలు నెలకు వంద చొప్పున పక్కన పెట్టాం. అది లేకపోతే హెల్పర్లు పదిహేనో రోజుకే పోయేవారు. మీరు కూడా ముందు డబ్బు పోగేయండి, తర్వాతే ఏదైనా.

నైట్‌షిఫ్ట్ హెల్పర్

అందరికీ చేతులెత్తి దండం. నిన్న ఈఎస్ఐ డిస్పెన్సరీకి తీసుకెళ్లాం. డాక్టరమ్మ మొదట 'ఇన్ని రోజులు ఏం చేశారు' అని కోప్పడ్డారు, తర్వాత మొత్తం విని పనిలో జరిగిందనే రాశారు. యాక్సిడెంట్ రిపోర్టు యజమాని నుంచి రావాలని, బ్రాంచి ఆఫీసులో కూడా అర్జీ ఇవ్వమని చెప్పారు. ఇచ్చాం. అతను వాళ్లమ్మకు ఫోన్ చేసి ఒడియాలో చాలాసేపు మాట్లాడాడు. నాకు అర్థమైంది 'ఈఎస్ఐ' అన్న ఒక్క మాటే.

కోశాధికారి గారూ, నోట్‌బుక్ కొన్నాను. మొదటి రోజు 9 మంది పేర్లు రాశారు, ఇవాళ 16. నాన్నకు మీ జవాబు చదివి వినిపించాను. బియ్యం మాట దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. ఏమీ అనలేదు. రాత్రి మాత్రం 'ఆ పుస్తకం రూములో పెట్టకు, ఎవడైనా ఎత్తుకుపోతాడు' అన్నారు.

ఒక సందేహం. పర్మనెంట్ వాళ్ల సంఘంలో చేరితే మంచిదా, మాది మేం పెట్టుకుంటే మంచిదా? కొత్త కోడ్‌ల ప్రకారం ఒకే సంఘాన్ని గుర్తిస్తారట కదా?

పాత కోశాధికారి

మీ నాన్నగారు చెప్పినట్టు చెయ్యి. రోజూ పేజీ రాయగానే ఫోన్‌లో ఫోటో తీసి ముగ్గురికి పంపు.

కొత్త కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. రెండు మూడు సంఘాలు ఉన్న చోట 51 శాతం మద్దతున్న సంఘమే చర్చలకు కూర్చుంటుంది. ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం ఉన్న సంఘాలతో ఒక కౌన్సిల్ ఉంటుంది. ఈ లెక్క ఫ్యాక్టరీ మస్టరు రోల్‌ను బట్టి. మీ పేర్లు ఉండేది కాంట్రాక్టర్ మస్టరులో కదా, మిమ్మల్ని ఆ లెక్కలోకి తీసుకోనివ్వరేమోనని నా భయం. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు కూడా తప్పనిసరి అయింది, ఇప్పుడు అన్ని ఫ్యాక్టరీలకూ. సగం మంది ఒకేసారి సెలవు పెట్టినా సమ్మె కిందే చూస్తారు. కాబట్టి ఆవేశంలో ఒక రాత్రి షిఫ్టు ఆపేద్దామని ఎవరైనా అంటే ఆపు.

నా సలహా ఏంటంటే, ముందు ఆ 14 మంది పర్మనెంట్ వాళ్ల దగ్గరికి వెళ్లు. సంఘం నాయకుడి దగ్గరికి కాదు, మీ బ్లాకులో మీతో టీ తాగే ఆపరేటర్ ఎవరైనా ఉంటే అతని దగ్గరికి. లీకైన ఆ లైను పక్కన రోజూ నిలబడేది అతను కూడా. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా పోయారు. మంటకు ఎవరు పర్మనెంట్, ఎవరు కాంట్రాక్టు అన్న తేడా ఉండదని అతనికి నువ్వు వివరించనక్కరలేదు. లైన్లు, వాల్వుల మరమ్మతు గురించి ఇద్దరి సంతకాలతో ఒక అర్జీ రాయించు. దాని మీద అతను సంతకం చేస్తే వాళ్ల సంఘంలోకే వెళ్లండి. నేనొకప్పుడు అన్నట్టు వాళ్లు కూడా మీకు రసీదు రాసేది లేదంటే, అప్పుడు మీది మీరు పెట్టుకోండి.

పీఎఫ్ ఫిర్యాదు పెట్టేటప్పుడు ఆ ఏడు నెలల పాస్‌బుక్ ప్రింటు, జీతం బ్యాంకులో పడుతుంటే స్టేట్‌మెంటు, గేట్ పాసు రెండు వైపులా జిరాక్సు తీసుకెళ్లు. గేట్ పాసు వెనకాల కాంట్రాక్టర్ పేరుతో పాటు ఫ్యాక్టరీ సీలు ఉంటుంది, చూసుకో. చాలామంది ముందు వైపు మాత్రమే తీయిస్తారు.